ప్రమాదము – ఏమరుపాటు



సంస్కృతమున ‘ప్రమాద’మనగా ఏమరుపాటు. తెలుగు వాడుకలో ఆ మాటకు ఆపద యను నర్థము రూఢమైనది. కారణమునకు గల పేరు ఫలితమునకు సంక్రమించినది. ఈ రెండర్థములకు గల బంధుత్వమును చూపు వృత్తాంత మొకటి విమానయాన చరిత్రలో కలదు.

ఆఫ్రికా తీరమునకు చేరువగా స్పెయిన్ దేశమువారి కెనరీ ద్వీపములు కలవు. 1977 మార్చి 27వ తేదీ ఆదివారమునాడు గ్రాన్ కెనరీ ద్వీపపు విమానాశ్రయమున బాంబు ప్రేలెను. అచ్చట దిగవలసిన విమానములను టెనెరీఫ్ ద్వీపమునకు మరలించిరి. అక్కడి లోస్ రోడియోస్ విమానాశ్రయము చిన్నది. విమానములు పరుగెత్తి లేచు బాట యొక్కటే. ఎత్తైన చోటగుటచే మేఘములు నేలపైకి దిగివచ్చుచుండును. నాడు ప్రక్కదారి విమానములతో నిండిపోగా, బయలుదేరువారు పరుగుబాట మీదనే మెల్లగా నడచి ఆవలి కొసకు చేరవలసివచ్చెను.

డచ్చివారి కె.ఎల్.ఎం. విమానము ముందుగా కొసకు చేరి వెనుదిరిగి నిలిచెను. అమెరికావారి పాన్ అమెరికన్ విమానము దాని వెనుక అదే బాటపై వచ్చుచు, నడుమ నొక ప్రక్కదారి పట్టి తొలగవలసియుండెను. రెండును 747 అను మహావిమానములు. మంచు దట్టమై అవి యొకదానికొకటి కానరాలేదు. గోపురముననుండి ఆజ్ఞలిచ్చువారికిని కానరాలేదు.

డచ్చి విమాన నాయకుడు వాన్ జాంటెన్ తన సంస్థలో చోదకులకు శిక్షణ నిచ్చువారిలో అగ్రగణ్యుడు. పనిగంటల పరిమితి దాటునేమో యను తొందర ఆయనను వెన్నాడుచుండెను. ఒకమారు కదలబోగా, అనుమతి రాలేదని సహచోదకుడు వారించెను. పిదప వచ్చినది ఎగిరిన తరువాత పోవలసిన మార్గమునకు మాత్రమే అనుమతి. నాయకుడు దానితోనే విమానమును పరుగెత్తించెను. సహచోదకుడు రెండవమారు వారింపలేదు. గోపురమువారు ‘సరే’ యన్నది స్పష్టముగా వినవచ్చెను. ‘వేచియుండుడు’ అను తరువాతి మాటయు, తామింకను బాటమీదనే యున్నామను అమెరికావారి మాటయు ఒకేసారి వచ్చి కీచుధ్వనిలో కలిసిపోయెను. అంతట యంత్రజ్ఞుడు, ఆ విమానము బాట విడువలేదా యని సందేహముతో నడిగెను. విడిచినదని నాయకుడు గట్టిగా పలికెను. యంత్రజ్ఞుడు మరల నోరు మెదపలేదు.

కొన్ని క్షణములలో 583 మంది ప్రాణములు పోయెను. డచ్చి విమానమున నున్నవారిలో నొక్కరును మిగులలేదు. అమెరికా విమానమున 61 మంది బ్రతికిరి.

యంత్రము చెడలేదు, విద్య కొరవడలేదు. తాను కోరినదే వినుట మనస్సునకు స్వభావము. పెద్దవానికి ఎదురాడ జంకుట చిన్నవానికి స్వభావము. ఈ రెండును ఆనాడు కూడినవి.

అటుపిమ్మట ‘టేకాఫ్’ అను మాటను ఎగురుటకు అనుమతి నిచ్చునపుడు గాని, దానిని రద్దుచేయునపుడు గాని తప్ప గోపురమువారు పలుకరాదను నియమ మేర్పడెను. 1979లో నాసా సంస్థ జరిపిన సమావేశమునుండి చోదకుల శిక్షణలో నూతన పద్ధతి మొలకెత్తెను: నాయకుడు అడిగి వినవలెను; క్రిందివాడు సందేహమును దాచక చెప్పవలెను. 1989లో అమెరికాలోని సూ సిటీ విమానాశ్రయమున, చుక్కానిని నడుపు సాధనములన్నియు చెడిన యొక విమానమును దింపవలసివచ్చెను. నాయకుడు హేన్స్ ప్రయాణికుడుగా వచ్చిన మరియొక చోదకుని సాయమును సైతము గైకొనెను. 296 మందిలో 184 మంది బ్రతికిరి. ఆ ఫలితమునకు ఈ శిక్షణయే తోడ్పడెనని ఆయన పలుమారులు చెప్పెను.

పెద్దలారా! ఇంటను, రచ్చబండ యొద్దను తుదిమాట మనదే. కావుననే చిన్నవాడు జంకుచు ఒకమారడిగిన ప్రశ్నను రెండవమారడుగు ధైర్యమును మనమే యొసంగవలెను. టెనెరీఫ్‌లో ఆ రెండవ ప్రశ్న పుట్టలేదు.