గాజుతొట్టిలో సెలయేటి చేప

మహానంది కోనేటిలోనికి తొంగిచూచిన వారికి, అయిదడుగుల లోతుననున్న అడుగు అరచేతి గీతలవలె కనబడును. వేసవిలో కర్నూలు, కడప సీమల చెరువులు నెర్రెలు వారినను ఈ ఊట ఆగదు. గుడి దాటి వెలువడిన నీరు అరటితోటలను, వరిమళ్లను తడిపి కుందేటివైపు సాగిపోవును. తేటనీరు, పారునీరు, రాళ్లపై సన్నని పాచి కూడివచ్చు చోటులు ఈ మెట్టసీమలో అరుదు. నల్లమల వాగులలో అట్టి చోటులనే కోరి బ్రదుకు చిన్నచేప యొకటి కలదు. శాస్త్రజ్ఞులు దానిని గర్రా ముల్యా అందురు. అది జానెడు పొడవు పెరుగుటయే అరుదు. నోరు తలక్రిందివైపున ఉండును. పెదవి వెనుక మెత్తని బిళ్ల యొకటి. ఆ బిళ్లను రాతికి అదిమి, నీరెంత వడిగా పారినను కొట్టుకొనిపోక, పాచిని గీకి తినును.

ఇంత చిన్న ప్రాణికి పేరు పెట్టుటలో పెద్ద తికమక జరిగినది. కుంపిణీ వైద్యుడు ఫ్రాన్సిస్ హేమిల్టన్ 1822లో గంగానది చేపలనుగూర్చి ప్రకటించిన గ్రంథమున గర్రా అను వర్గమును ఏర్పరచెను. కర్నలు సైక్సు 1839లో దక్కను చేపలను వర్ణించుచు ముల్యాను లోకమునకు తెలిపెను. 1849లో జెర్డన్ మద్రాసు పత్రికలో దక్షిణదేశపు చేపలనుగూర్చి వ్రాయుచు దీని దాయాదినొకదానిని వర్ణించెను. పిదప 1875-78 నడుమ తన మహాగ్రంథమును వెలువరించిన ఫ్రాన్సిస్ డే, వీనిలో పెక్కింటిని ఒకే పేరుక్రింద కలిపివేసెను. సారాయిసీసాలలో రంగు వెలిసిన చేపలు ఒకదానినొకటి పోలియుండుట వింత కాదు. 1921లో సుందర్‌లాల్ హోరా ఆ చిక్కును విప్పబూనెను, 1964లో ఎ. జి. కె. మీనన్ ఈ జాతిపై సమగ్రగ్రంథమును వెలువరించెను.

హోరా పేరులతో తృప్తిపడిన వాడు కాడు. వడినీటిలో జీవులు ఎట్లు నిలద్రొక్కుకొనును, ఈ అంటుడుబిళ్ల ఎట్లు ఏర్పడెను అను ప్రశ్నలతో కొండవాగులెన్నో తిరిగి, 1930లో లండను రాయల్ సొసైటీ పత్రికలో పెద్దవ్యాసము ప్రకటించెను. ఇట్టి కొండవాగుల చేపలు తూర్పునుండి వింధ్య, సాత్పురా పర్వతముల వెంట పడమటి కనుమలకు చేరినవని పిమ్మట ఊహించెను. ఆ ఊహను తరువాతివారు పలువురు శంకించిరి. అయినను, ఒక చేప పెదవిని చూచి దేశపు పూర్వచరిత్రను అడుగవచ్చునని మనకు నేర్పినది ఆయనయే. పండ్రెండవ శతాబ్దపు కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుని మానసోల్లాసములోని మత్స్యవినోదముపై 1951లో వ్యాసము వ్రాసినదియు ఆయనయే. ఆ రాజునకు చేప గాలపు వినోదము. గాజువెనుక చూచు వేడుక చాలకాలమునకు గాని రాలేదు.

ఆ వేడుకకు శాస్త్రపు దారి చూపినవాడు లండనులో రాబర్ట్ వారింగ్టన్. 1850లో ప్రకటించిన ప్రయోగమున ఆయన గాజుపాత్రలో రెండు బంగారుచేపలను, నీటిమొక్కను ఉంచెను. ఆకులు కుళ్లి, జిగురుపాచి పట్టి నీరు చెడసాగగా, దానిని తిను నత్తలను వదలెను, నీరు తేటపడెను. పాచి మేయు ప్రాణికి తొట్టిలో చోటు దొరకినది అట్లు. 1853లో లండను జంతుశాలలో మత్స్యశాల వెలసెను. మద్రాసు మెరీనా తీరమున 1909లో ఒకటి తెరువబడి, రెండవ ప్రపంచయుద్ధకాలమున మూతపడెను. బొంబాయి తారాపోర్‌వాలా మత్స్యశాల 1951 నాటిది.

ఇండ్లలో గర్రాను పెంచువారు దానిని అద్దము తుడుచు పనిమనిషివలె చూచుట నాకు నచ్చదు. దానికి వలసినది మురికి కాదు, ప్రవాహము. నిలువనీటిలో, అందును మన ఎండలకు వేడెక్కిన తొట్టిలో, ప్రాణవాయువు తగ్గి అది సొమ్మసిల్లును. వెచ్చని నీటిలో ఆ వాయువు తక్కువగా కరగును గదా! నీటిని తిప్పు చిన్న పంపు, నున్నని గుండ్రాళ్లు, వానిపై పాచి పెరుగుటకు చాలినంత వెలుతురు కావలెను. తొట్టి పాచి చాలనప్పుడు ఉడికించిన ఆకుకూర, దోసముక్క వేయవచ్చును. తొట్టి మొత్తము నీటిని ఒక్కసారిగా మార్చరాదు. మూత మాత్రము మరువరాదు. తడిగాజును పట్టుకొని ప్రాకుటయు, ఎగిరి దూకుటయు దీనికి సహజము.

మహానందికి పోయి సీసాలో ఒకదానిని పట్టి తెత్తమని పిల్లలు ముచ్చటపడుదురు. పెద్దలు వారింపవలెను. నల్లమలలో అభయారణ్యములుగా ప్రకటించిన భాగములనుండి అనుమతిలేక ఏ వన్యప్రాణిని తెచ్చినను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ప్రకారము నేరము. అంగడిలో కొనువారు సయితము అది తొట్టిలో పుట్టినదో, వాగునుండి పట్టి తెచ్చినదో అడుగుట మేలు. అమ్మువాడు బదులు చెప్పలేనిచో, ఆనాటికి వారింగ్టనుగారి నత్తలతోనే సరిపెట్టుకొనవచ్చును.