తెలుగు టెలివిజన్ పుట్టినరోజు ఏది?

ఏ రోజును పండుగగా జరుపుకోవాలో నిర్ణయించేవాళ్లే చాలావరకు చరిత్ర ఎవరిదో కూడా నిర్ణయిస్తారు. రాజ్యాల చరిత్రకే కాదు, ప్రసార సాధనాల చరిత్రకూ ఇది వర్తిస్తుంది. ఆస్ట్రేలియాలో క్రమబద్ధమైన టెలివిజన్ ప్రసారాలు 1956 సెప్టెంబర్ 16న సిడ్నీలో మొదలయ్యాయి. అక్కడ వార్షికోత్సవాలప్పుడు బ్రూస్ గింజెల్ అనే వ్యాఖ్యాత ప్రేక్షకులకు స్వాగతం చెప్పే దృశ్యాన్ని చూపిస్తూ ఉంటారు. నిజానికి ఆనాటి ప్రసారం రికార్డు కాలేదు. జనం చూసేది తరువాత మళ్లీ చిత్రించిన దృశ్యం. ఉత్సవానికి ప్రారంభకుడి ముఖం కావాలి. లేకపోతే తయారుచేసుకుంటారు. తెర ముందు కూర్చున్నవాళ్ల ముఖాలు మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

మన దగ్గరా అంతే. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రాన్ని 1977 అక్టోబర్ 23న అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించారు. తెలుగు టెలివిజన్ పుట్టినరోజుగా సాధారణంగా చెప్పుకునేది ఈ రోజునే. నేను దీనితో ఏకీభవించను. తెలుగు టెలివిజన్ అంతకు రెండేళ్ల ముందే, 1975 ఆగస్టు 1న పుట్టింది. అదీ నగరంలో కాదు, పల్లెల్లో.

ఆ రోజున 'సైట్' అనే ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం మొదలయింది. 1969లో భారత ప్రభుత్వ అణుశక్తి శాఖకూ, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకూ కుదిరిన ఒప్పందం దీనికి ఆధారం. ఏ.టి.ఎస్.-6 అనే అమెరికన్ ఉపగ్రహాన్ని ఏడాదిపాటు మన వాడకానికి ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలను ఎంపిక చేశారు. సెట్లను తయారుచేసింది హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్. కోళ్లగూళ్లకు కొట్టే ఇనుప వలతో చేసిన పది అడుగుల గొడుగువంటి యాంటెన్నా ఆకాశం నుంచి వచ్చే సంకేతాన్ని పట్టేది. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. తెలుగు కార్యక్రమాలు తయారుచేసే కేంద్రం హైదరాబాద్‌లోనే ఉండేది. కాని వాటిని చూసినవాళ్లు ఊరుమ్మడి సెట్టు ముందు చేరిన పల్లెజనం. టెలివిజన్ ఇంటి ఆస్తిగా కాక ఊరి ఆస్తిగా మన సమాజంలోకి అడుగుపెట్టిందన్న మాట. ఈ వాస్తవానికి మన చరిత్రలో దక్కవలసిన స్థానం దక్కలేదు.

అయితే దీన్ని స్వర్ణయుగంగా చిత్రించడం ఆత్మవంచన అవుతుంది. 1975 జూన్ 25న దేశంలో ఎమర్జెన్సీ విధించారు. పత్రికల మీద సెన్సారు కత్తి వేలాడుతోంది. సరిగ్గా 37 రోజులకు పల్లెలోకి టెలివిజన్ వచ్చింది. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ గురించి అది బోధించింది. ఆ బోధనలో ఉపయోగపడేది లేకపోలేదు. కాని మాట ఒకవైపు నుంచే నడిచింది. రైతుకు విత్తనం గురించి చెప్పిన పెట్టెకు, ఆ విత్తనం వేయడానికి తనకు భూమి లేదని కూలీ తిరిగి చెప్పే మార్గం లేదు.

1976 జూలై 31న ప్రయోగం ముగిసింది. ఒప్పందం ప్రకారం ఉపగ్రహం వెనక్కు వెళ్లిపోయింది. కొన్ని ప్రాంతాల్లోనైనా ప్రసారాలను కొనసాగించడానికి నేలమీద ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. మనం ఘనంగా చెప్పుకునే హైదరాబాద్ కేంద్రం ఈ కొనసాగింపులో భాగమే. 1982లో రంగులు వచ్చాయి, ఢిల్లీ నుంచి జాతీయ కార్యక్రమం వచ్చింది. టెలివిజన్ క్రమంగా ఊరి కూడలిని వదిలి కొనుక్కోగలిగినవాడి ముందుగదిలోకి చేరింది. ఇంతా అయి, దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొదలయింది 1983 నవంబర్ 14న! హైదరాబాద్ కేంద్రం తెరిచిన ఆరేళ్లకు! ముందు ఉపదేశం, తరువాత వినోదం, చిట్టచివరికి వార్త. ఈ వరుసే పాలకుల ప్రాధాన్యాలకు సాక్ష్యం.

1995 ఇంకో మలుపు. ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటి మీద ప్రభుత్వానికి గాని, ప్రైవేటు వ్యక్తులకు గాని గుత్తాధిపత్యం కూడదనీ ఆ ఏడాది ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ ప్రసారాలు మొదలయ్యాయి. ప్రభుత్వ గుత్తాధిపత్యం సడలిన చోట పెట్టుబడి కూర్చుంది. తీర్పు చెప్పిన ప్రజలు మాత్రం ప్రేక్షకులుగానే మిగిలారు. వరంగల్‌లో ఉండి రాస్తున్న నాకు ఇది భాషలోనూ కనిపిస్తుంది. మా జిల్లా మనిషి మాట బుల్లితెర మీద చాలాకాలం నవ్వించడానికే పనికివచ్చింది, వార్త చదవడానికి కాదు.

ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోను ఉంది కదా, ఎవరైనా మాట్లాడవచ్చు కదా అని కొందరు మిత్రులు అంటారు. మాట్లాడవచ్చు. ఆ మాట ఎంత దూరం పోవాలో నిర్ణయించేది ఎవరన్నదే ప్రశ్న. 1975లో ఉపగ్రహం మనది కాదు, ఈనాటి వేదికలూ మనవి కావు.

అందుకే 1975 ఆగస్టు 1ని పుట్టినరోజుగా, 1976 జూలై 31ని ఊరి సెట్టు మూగబోయిన రోజుగా, రెండింటినీ కలిపి గుర్తుంచుకోవాలంటాను. 2025 ఆగస్టు 1తో ఆ ఘట్టానికి యాభై ఏళ్లు నిండాయి. ఆనాడు బడిలో కూర్చుని ఆ పెట్టెను చూసిన పదేళ్ల పిల్లలు అరవై దాటారు. వాళ్లు ఏం చూశారో, ఏం నమ్మారో, వేటికి నవ్వుకున్నారో వాళ్ల నోటనే విని రాసిపెట్టవలసిన బాధ్యత రచయితలుగా మనమీద ఉంది. ప్రారంభోత్సవాల ఫొటోలు భద్రపరచడానికి ప్రభుత్వాలున్నాయి. ఈ జ్ఞాపకాలను భద్రపరచడానికి మనం తప్ప ఎవరూ లేరు.