ప్రోగ్రాముకు అందే కబురు

ఫైలు రాస్తున్న గుమాస్తాకు పైనుంచి అర్జంటు కబురు వస్తే చేతిలో పని ఆపి ముందు అది చూడవలసిందే. కంప్యూటరులో నడిచే ప్రోగ్రాములకూ అలాంటి కబుర్లున్నాయి. వాటిని సిగ్నల్స్ అంటారు.

1969లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రారంభించిన యూనిక్స్‌లో ఇవి రూపుదిద్దుకున్నాయి. ఒక్కో సిగ్నల్‌కు ఒక నంబరు. 1 అంటే టెలిఫోను లైను తెగిందని, 15 అంటే సర్దుకొని ముగించమని. 9కి మాత్రం అప్పీలు లేదు. ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగవలసిందే.

కబురును ముందుగా కెర్నల్ నమోదు చేసుకొని, వీలు చూసి అందజేస్తుంది. అది అందితే ఏం చేయాలో ప్రోగ్రాము ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. అయితే 1979 నాటి ఏడవ ఎడిషన్‌లో ఒక చిక్కుండేది. ఒకసారి కబురు అందగానే సాధారణంగా ఆ ఏర్పాటు రద్దయ్యేది. మళ్లీ చేసుకునేలోగా రెండో కబురు వస్తే, ప్రోగ్రాము అర్ధాంతరంగా ఆగి, చేస్తున్న పని పాడయ్యే ప్రమాదముండేది.

1983లో బర్కిలీ విశ్వవిద్యాలయం వారి 4.2 బి.ఎస్.డి. దీన్ని సరిదిద్దింది. ఏర్పాటు చెరగదు, ఒకటి చూస్తుండగా అదే రకం మరొకటి వస్తే వేచి ఉంటుంది. 1988లో పోసిక్స్ ప్రమాణం ఇదే తీరును ఖాయం చేసింది. నేటి లైనక్స్‌లోనూ అదే నడుస్తోంది.

పనివాడి తప్పేమీ లేకుండా, కబురు వచ్చిన వేళ బాగోలేక పని చెడకూడదు. ఈ దిద్దుబాటు సారం అదే.