ఫ్రాన్స్‌లో రాజును దించింది ఎవరు? (3వ భాగం)

1789 జూలై 14న బాస్టీల్ కోట కూలింది. దాంతోనే రాచరికం పోయిందని చాలామంది అనుకుంటారు. పోలేదు మిత్రులారా. ఆ తర్వాత మూడేళ్లకు పైగా పదహారో లూయీ రాజుగానే ఉన్నాడు. మరి దించింది ఎవరు?

1789 ఆగస్టులో జాతీయ అసెంబ్లీ మానవ హక్కుల ప్రకటన చేసింది. హక్కుల్లో అందరూ సమానమేనంది. కొద్ది నెలల్లోనే అదే సభ మనుషుల మధ్య గీత గీసింది. 25 ఏళ్లు నిండి, మూడు రోజుల కూలికి సమానమైన పన్ను కట్టే మగవాళ్లు "క్రియాశీల పౌరులు". వీళ్లు సుమారు 43 లక్షలు. ఓటు వీళ్లకే. మిగతావాళ్లు "నిష్క్రియ పౌరులు". ఇళ్లల్లో పనిచేసే నౌకర్లకు పన్ను కట్టినా ఓటు లేదు. ఆడవాళ్ల ఊసే లేదు.

ఆ పేరు చూడండి. పొద్దున లేచింది మొదలు రెక్కలు ముక్కలు చేసుకునేవాడు నిష్క్రియుడట! కూర్చుని కౌలు తినేవాడు క్రియాశీలుడట!

1791 జూన్‌లో రాజు మారువేషంలో పారిపోతూ వారెన్ ఊళ్లో దొరికిపోయాడు. అయినా అసెంబ్లీ అతన్ని గద్దె మీదే ఉంచింది. రాజు వద్దని సంతకాలు చేయడానికి జూలై 17న షాంప్ ద మార్స్ మైదానంలో చేరిన జనం మీద నేషనల్ గార్డ్ కాల్పులు జరిపింది.

1792లో యుద్ధం ముంచుకొచ్చింది. దేశానికి ప్రాణాలు కావాల్సి వచ్చాయి. ప్రాణం ఇవ్వడానికి పనికొచ్చినవాడు ఓటుకు ఎందుకు పనికిరాడు? జూలై చివర్లో పారిస్‌లోని తియాత్ర్ ఫ్రాన్సే వార్డు సభ ఆ గీతను చెరిపేసి, నిష్క్రియ పౌరులను లోపలికి రానిచ్చింది. ఆగస్టు 10న పారిస్ పేటల జనం, మార్సెయ్ నుంచి వచ్చిన వలంటీర్లు కలిసి ట్విలరీ రాజభవనాన్ని పట్టుకున్నారు. జనంలో దాదాపు 400 మంది చనిపోయారు, గాయపడ్డారు. రాజు వైపు స్విస్ సైనికులు సుమారు 600 మంది చనిపోయారు. కొత్త సభ ఎన్నికల్లో పన్ను షరతు తీసేశారు. సెప్టెంబరు 21న ఆ సభ రాచరికాన్ని రద్దు చేసింది.

కథ అక్కడ ఆగలేదు. 1795 రాజ్యాంగంలో పన్ను షరతు మళ్లీ వచ్చింది. రాజు పోయాడు, గీత తిరిగొచ్చింది.

ఈ గీత మనకు కొత్త కాదు. బ్రిటిష్ పాలనలో ఓటు ఆస్తికి, పన్నుకు, చదువుకు ముడిపడి ఉండేది. ఈ మూడింటికీ దూరంగా ఉంచబడినవాళ్లు ఎవరో చెప్పాలా? 1927 డిసెంబరులో మహాడ్ సభను ఫ్రెంచ్ జాతీయ అసెంబ్లీతో పోల్చిన బాబాసాహెబ్, మరుసటి ఏడాదే సైమన్ కమిషన్ ముందు వయోజనులందరికీ ఓటు కావాలని అడిగారు. ఇవాళ 326వ అధికరణం మన చేతిలో ఉంది.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఏ విప్లవం గురించి చదివినా ఒక ప్రశ్న వేయండి. రాజు పోయాక ఓటు ఎవరికి వచ్చింది?

ఫ్రాన్స్ సమానత్వం సముద్రం దాటలేదు. దాన్ని దాటించింది బానిసలే. వచ్చే భాగంలో హైతీ.

జై భీమ్.