మూలన మెరిసిన ‘ఎన్’

1995 ఆగస్టు 9న బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ షేరు తొలిసారి మార్కెట్‌కెక్కింది. 28 డాలర్లకు ఇచ్చిన షేరు 75 దరిదాపులకు ఎగబాకి, సాయంత్రానికి 58.25 దగ్గర ఆగింది. అప్పటికి కంపెనీ వయసు 16 నెలలు, లాభం ఇంకా కళ్లచూడలేదు. సరిగ్గా ఆరు రోజులకు, ఆగస్టు 15న, మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్‌ను సామాన్యులకు తెచ్చింది. నాకు ఈ రెండు తేదీలూ జంటగానే గుర్తుంటాయి.

ఇంటర్నెట్‌కు మూలమైన అర్పానెట్ 1969లో మొదలైంది. చాలా ఏళ్లపాటు అది పరిశోధకుల లోకం. సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను సృష్టించాక, 1993లో ఇలినాయి విశ్వవిద్యాలయ కుర్రాళ్లు మొజాయిక్ బ్రౌజర్ చేశారు. వాళ్లలో ఒకడైన మార్క్ ఆండ్రీసెన్‌తో చేయి కలిపి జిమ్ క్లార్క్ 1994లో నెట్‌స్కేప్ కంపెనీ పెట్టాడు.

వాళ్ల బ్రౌజర్ నావిగేటర్‌ను వాడినవాళ్లు మరిచిపోలేరు. మోడెమ్ కీచుమని అరిచి సద్దుమణిగాక ముందు అక్షరాలు వచ్చేవి. అవి చదువుతుండగానే బొమ్మలు మెల్లమెల్లగా నిండేవి. పైన కుడి మూలన ‘ఎన్’ అక్షరం మీదుగా ఉల్కలు రాలేవి. నెట్ సెంటర్‌లో గంట లెక్కన డబ్బు కట్టి కూర్చున్న నాకు, అవి రాలుతున్నంతసేపూ లైను తెగలేదని ధైర్యం.

1997 సెప్టెంబరు నెలాఖరు రాత్రి సంగతి చెప్పకుండా ఈ కథ ముందుకు నడవదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 విడుదల వేడుక జరిగింది. అక్కడి నుంచి మైక్రోసాఫ్ట్ మనుషులు కొందరు మనిషెత్తును మించిన ‘ఈ’ గుర్తును మౌంటెన్‌వ్యూ దాకా మోసుకెళ్లి, నెట్‌స్కేప్ ఆఫీసు ముందు నిలబెట్టి వచ్చారు. నెట్‌స్కేప్ వాళ్లు ఊరుకుంటారా? దాన్ని పడదోసి, పైన తమ ముద్దుల రాక్షసబల్లి మొజిల్లా బొమ్మను ఎక్కించారు. దాని దగ్గర ఓ పలక: నెట్‌స్కేప్ 72, మైక్రోసాఫ్ట్ 18. బ్రౌజర్ మార్కెట్‌లో ఇద్దరి వాటాల లెక్క అది. ఆ ఫొటో ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. కొండను ఢీకొంటున్నా జంకెరగని కుర్రతనం అది.

తర్వాత కథ ఒక దారిన సాగలేదు. విండోస్‌తోపాటే ఎక్స్‌ప్లోరర్ ఊరికే వచ్చేస్తుంటే డబ్బిచ్చి నావిగేటర్ కొనేదెవరు? కానీ తప్పంతా మైక్రోసాఫ్ట్‌దేనంటే నేనొప్పుకోను. నెట్‌స్కేప్ నాలుగో వెర్షన్ బరువెక్కింది, ఐదోది రానేలేదు, ఆరోది 2000లో గానీ రాలేదు. 1998 మార్చి 31న తమ కోడ్‌ను లోకానికంతటికీ తెరిచి పెట్టారు. వాళ్లు చేసిన పనులన్నిటిలోకీ గొప్పది ఇదే. ఆ మరుసటి ఏడాదికి కంపెనీ ఏఓఎల్ చేతికి పోయింది. తెరిచిన ఆ కోడ్‌ను చూసుకునేందుకు 2003లో మొజిల్లా ఫౌండేషన్ పుట్టింది, 2004లో దాని బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. 2008 మార్చి 1తో నెట్‌స్కేప్ బ్రౌజర్ ఆగిపోయింది.

ఆ ఫైర్‌ఫాక్స్‌కు జోడించుకునే ‘పద్మ’ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండేది. తెలుగు పత్రికలు తలో ఫాంటూ వాడే రోజులవి. ఆ ఫాంటు లేకపోతే తెర నిండా పిచ్చి గుర్తులే. పద్మ వాటిని యూనికోడ్‌లోకి మార్చేది. ఆ గుర్తులన్నీ ఒక్కసారిగా తెలుగు అక్షరాలై నిలబడిన రోజు, పక్క కుర్చీలో ఉన్నాయన్ని కూడా పిలిచి చూపించాను.