సామాను వచ్చింది, అక్షరం రాలేదు

ఇల్లు మారేటప్పుడు ముందు పాలు పొంగించి ఆ తర్వాత సామాను దింపుతాం. కంప్యూటరు మారేటప్పుడు అలాంటి ఆచారమేమీ లేదు గనక తిన్నగా సామానుతోనే మొదలుపెడతాం. 2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు అందులో ఈ పనికోసమే ‘ఫైల్స్ అండ్ సెట్టింగ్స్ ట్రాన్స్‌ఫర్ విజార్డ్’ అని ఒకటి పెట్టారు. పాత మిషనుకీ కొత్తదానికీ మధ్య కేబులు తగిలించో, ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి మింగించో, తెరమీది బొమ్మతో సహా అన్నీ పట్టుకుపోవచ్చు. ప్రోగ్రాములు మాత్రం రావు, మళ్ళీ ఎక్కించుకోవాలి. ఇంగ్లీషులోనో మలయ్‌లోనో రాసుకునేవాడికి ఇదేమంత చిక్కు కాదు. తెలుగులో రాసుకున్నవాడికి ఆ ఒక్క మినహాయింపులోనే భాషంతా ఉంది.

తొంభైలనాటి మన ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత ఇల్లు లేదు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన సంఖ్యల మీదే తలకట్టునీ గుడినీ ఒత్తునీ ముక్కలుముక్కలుగా కూర్చోబెట్టేవారు. ఫైల్లో ఉండేది ఇంగ్లీషు గజిబిజి. ఫాంటనే కళ్ళజోడు పెట్టుకుంటేనే అది తెలుగు. పైగా ఎవరి కళ్ళజోడు వారిదే. అను ఫాంట్లలో కొట్టిన వ్యాసాన్ని మరో కంపెనీ ఫాంట్లో తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాదు. ఈ లెక్కన, అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నవాళ్ళు అదృష్టవంతులు. చూడ్డానికి అందంగా లేకపోయినా ఆ ఫైళ్ళు ఏ మిషన్లోనైనా తెరుచుకుంటాయి.

నేను కౌలాలంపూర్ వచ్చింది 1999లో, డాలరుకి 3.80 రింగిట్లని కట్టేసిన రోజుల్లో, మల్టీమీడియా సూపర్ కారిడార్ హడావుడికి కొట్టుకొచ్చిన ప్రోగ్రామర్లలో ఒకడిగా. మాకంటే చాలా ముందు వచ్చిన తెలుగువాళ్ళు వేరు. విశాఖ, శ్రీకాకుళం వైపు పల్లెల నుంచి కంగాణీల వెంట తోటలకి వచ్చినవాళ్ళ పిల్లలూ మనవలూ వాళ్ళు. ఆ కంగాణీ పద్ధతి 1938లో ఆగింది. దిగువ పేరాక్‌లో బగాన్ దాతో కొబ్బరితోటల్లో పనిచేసిన కుటుంబం నుంచి వచ్చిన ఒక మాస్టారు, రిటైరయ్యాక తోటల్లోని ముసలమ్మల దగ్గర పాటలు సేకరించి, ఒక చిన్న సంఘం వారి విండోస్ 98 కంప్యూటర్లో తానే టైపు చేసిపెట్టారు. నాట్ల పాటలు, పెళ్ళిపాటలు, ఓడ ఎక్కిన పాటలు. కాగితం మీది రాతప్రతులు చెదలు తినేశాయి. మాస్టారు పోయిన మరుసటి ఏడు, 2003లో, సంఘం లో యాట్ ప్లాజాలో కొత్త కంప్యూటరు కొన్నది. “తమ్ముడూ, నాన్న పాటలు కూడా ఇందులోకి వస్తాయి కదా?” అని మాస్టారి అమ్మాయి అడిగింది.

సీడీ మీదికెక్కించి తెచ్చిన ఫైళ్ళన్నీ క్షేమంగా వచ్చాయి. తెరిస్తే గజిబిజి. మాస్టారు వాడిన టైపింగు ప్రోగ్రాం డిస్కు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఫాంటు ఫైలు ఒక్కటీ పాతదాంట్లోంచి తీసి తెస్తే సరిపోదా అంటారేమో. తెచ్చాం, అక్షరాలు కనిపించాయి కూడా. కానీ చూసుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరావు. వెతకలేం, దిద్దలేం, ఆ ఫాంటు లేనివాళ్ళకి పంపలేం. వాటిని బతికించాలంటే యూనికోడ్‌లోకి మార్చాలి.

ఇక్కడ పక్కింటి సంగతి చెప్పాలి, కొంచెం అసూయగానే. మలేషియాలోనే ముత్తు నెడుమారన్ అనే తమిళుడు 1985లోనే ‘మురసు’ తయారుచేశాడు. తమిళులకీ ఫాంట్ల గొడవలున్నాయి. అయితే వాళ్ళు దేశదేశాల నుంచి కూర్చుని వాదించుకుని 1999 నాటికి టిస్కీ అనే ఉమ్మడి పట్టిక ఒకటి తెచ్చుకున్నారు, 2000లో ‘ఉత్తమం’ అనే సంస్థ పెట్టుకున్నారు, 2001లో తమిళ ఇంటర్నెట్ మహాసభ కౌలాలంపూర్‌లోనే జరుపుకున్నారు. విండోస్ 2000లోనే లత ఫాంటుతో తమిళం వచ్చేసింది. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకి 128 గదులిచ్చినా, విండోస్‌లో మనం గౌతమి ఫాంటుతో అడుగుపెట్టింది ఎక్స్‌పీలోనే. అదీ కంట్రోల్ పానెల్లో ఒక గడికి టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేస్తేనే. మనకి సభలకేం లోటు లేదు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా ఈ ఊళ్ళోనే.

మాస్టారి ఫైళ్ళకి నేనొక పట్టిక రాశాను: ఈ సంఖ్యకి ఈ ముక్క, ఈ రెండూ కలిస్తే ఈ అక్షరం. చాలావరకు దారికొచ్చింది. కానీ మాస్టారు ఒత్తుని ఒకసారి గుడికి ముందు, ఒకసారి వెనక కొట్టేవారు. తెరమీద రెండూ ఒకటే; ఫైల్లో వేరు. అలాంటిచోట యంత్రానికి తోచదు. ఆదివారాలు పాత కంప్యూటరు తెర చూస్తూ ఆమె చదివేది, కొత్తదాంట్లో నేను దిద్దేవాణ్ణి. పాత హార్డ్ డిస్కు కిర్రుమన్నప్పుడల్లా ఇద్దరం ఆగిపోయేవాళ్ళం. తర్వాత కొన్నేళ్ళకి నాగార్జున వెన్న ‘పద్మ’ వచ్చి పత్రికల ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చిపెట్టింది, 2006లో వీవెన్ ‘లేఖిని’ వచ్చింది. మాకు అప్పటికి ఆ సౌకర్యాలు లేవు.

మలయ్ వాళ్ళకీ ఇలాంటి కోత ఒకటి తగిలింది. 1963 జాతీయ భాషా చట్టం రూమీ లిపిని, అంటే రోమన్‌ని, అధికార లిపిగా చేసింది. జావీ వాడకూడదని అనలేదు గానీ, తాతలు జావీలో రాసిన ఉత్తరాలు చదవలేని మనవలు ఈ దేశంలో బోలెడుమంది. మాస్టారి మనవలకీ తెలుగు మాట వచ్చు, తెలుగు లిపి రాదు. యూనికోడ్‌లోకి వచ్చిన పాటని రూమీలోకి మార్చడం చిన్న ప్రోగ్రాం పని. అదే పాత ఫాంటు గజిబిజి నుంచైతే కుదరదు. అందుకని పుటకి రెండు వరసలు వేశాం, ఎడమన తెలుగు, కుడిన రూమీ.

మొదటి ప్రింటు తీసిన రోజున పెద్దమనవడు కుడివరస చూసి ఒక పెళ్ళిపాట చదివాడు. ‘ళ’ ఉన్నచోటల్లా ‘ల’ పలికాడు. తల్లి వంటింట్లోంచే, కాగితం చూడకుండా, ఒక్కొక్కటీ దిద్దుతూ పోయింది.