బక్కపిల్లలు, బొద్దుపిల్లలు, షుగరు

"ఇంత బక్కగా ఉన్నాడు, వీడికి షుగరేమిటండీ?" అని పిల్లల డాక్టరును అడిగే తల్లులు ఎందరో. ఆ వెనకే బంధువుల్లో ఎవరో ఒకరు, చిన్నప్పుడు తీపి ఎక్కువ పెట్టావేమోనంటారు. ఆ మాట ఆ తల్లిని ఎన్నేళ్లు కాలుస్తుందో అన్నవాళ్లకు తెలియదు. నిజానికి ఆమె అడిగిన ప్రశ్న చాలా పాతది. దాని వెంట వైద్యం దాదాపు తొంభై ఏళ్లు నడిచింది.

లండన్ యూనివర్సిటీ కాలేజీ హాస్పిటల్‌లో పనిచేసే హెరాల్డ్ హిమ్స్‌వర్త్ 1936లో ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించాడు. రోగికి గ్లూకోజు నీళ్లు తాగించి, అదే సమయంలో నరానికి ఇన్సులిన్ ఎక్కించేవాడు. కొందరిలో రక్తంలోని చక్కెర అదుపులో ఉండేది. కొందరిలో ఇన్సులిన్ పడినా పెరుగుతూనే పోయేది. మొదటివాళ్లలో ఎక్కువమంది చిన్నవయసువాళ్లు, సన్ననివాళ్లు, జబ్బు ఉన్నట్టుండి మీద పడ్డవాళ్లు. రెండోవాళ్లలో ఎక్కువమంది పెద్దవయసువాళ్లు, ఒళ్లున్నవాళ్లు. ఒకరికి ఇన్సులిన్ కరువు (ఇప్పటి టైప్ 1), మరొకరి ఒళ్లు ఇన్సులిన్‌కు లొంగదు (ఇప్పటి టైప్ 2). ఒకే పేరు కింద రెండు జబ్బులున్నాయని అప్పుడు తేలింది. ఆ తేడా ఎంత స్పష్టంగా కనబడిందంటే, తర్వాత కొన్ని దశాబ్దాల పాటు రోగి వయసు, ఒళ్లు చూస్తే చాలనుకున్నారు డాక్టర్లు.

1972లో కింగ్స్ కాలేజీ హాస్పిటల్ వైద్యులు రాబర్ట్ టాటర్సాల్, డేవిడ్ పైక్ అచ్చంగా ఒకే పోలికతో పుట్టిన 96 కవల జతలను పరిశీలించారు. పెద్దవయసులో షుగరు వచ్చిన జతల్లో దాదాపు ప్రతిచోటా రెండోవారికీ వచ్చింది. చిన్నవయసులో వచ్చిన జతల్లో సుమారు సగం చోట్ల రెండోవారు ఆరోగ్యంగానే ఉన్నారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా విస్మయం కలిగించేది ఇదే. జన్యువులన్నీ ఒకటే అయినా ఒకరిని పట్టిన జబ్బు మరొకరిని వదిలేసిందంటే, పిల్లల షుగరుకు జన్యువులు తలుపు తెరుస్తాయే తప్ప లోపలికి తోసేది వేరే ఏదో ఉందన్నమాట.

ఆ తలుపు ఎక్కడుందో రెండేళ్లలో దొరికింది. 1974లో డెన్మార్క్‌లో యార్న్ నెరుప్ బృందం హెచ్‌ఎల్‌ఏ రకాలకూ ఈ జబ్బుకూ సంబంధం చూపింది. ఆరో క్రోమోజోము మీద ఉండే ఈ జన్యువులు, శరీరంలో ఏది తనది, ఏది పరాయిదో రోగనిరోధక కణాలకు చూపిస్తాయి. అదే ఏడాది లండన్‌లో బొటాజ్జో, డోనియాక్ బృందం కొందరు రోగుల రక్తంలో క్లోమంలోని ఇన్సులిన్ తయారీ కణాల దీవుల మీదికి ఎక్కుపెట్టిన యాంటీబాడీలను కనిపెట్టింది. కాపలాకాసేవాళ్లే ఇల్లు తగలబెడుతున్నారు. ఇందులో తల్లి పెట్టిన మిఠాయి పాత్ర ఏమీ లేదు.

అంతలో బొద్దుపిల్లలు వచ్చి లెక్క చెడగొట్టారు. అమెరికాలోని సిన్సినాటిలో 1982, 1994 మధ్య కౌమారవయసు పిల్లల్లో టైప్ 2 మధుమేహం పది రెట్లయింది. లక్షకు 0.7 ఉన్నది 7.2కు చేరింది. టైప్ 1 పిల్లల్లోనూ కొందరు ఇప్పుడు లావుగానే ఉంటున్నారు. చూపుతో పోల్చుకునే రోజులు పోయాయి.

2001లో ప్లిమత్‌కు చెందిన టెరెన్స్ విల్కిన్ మరింత దూరం వెళ్లాడు. రెండు రకాలూ ఒకే జబ్బేననీ, తేడా వేగంలోనే ఉందనీ అన్నాడు. బరువు పెరిగితే ఇన్సులిన్ కణాల మీద పని భారం పెరుగుతుంది, అవి త్వరగా అలిసి కూలిపోతాయి. 2003లో ఆయన బృందం 94 మంది టైప్ 1 పిల్లలను చూస్తే, బరువెక్కువ ఉన్నవాళ్లకు జబ్బు చిన్నవయసులోనే బయటపడింది. మరికొన్ని చోట్ల అదే కనిపించింది, కొన్ని చోట్ల కనిపించలేదు. చిక్కంతా కొలతలోనే ఉంది. షుగరు బయటపడే నాటికే పిల్లలు చిక్కిపోతారు. ఆనాడు తూచిన బరువు పాత బరువు కాదు.

ఆ చిక్కుముడిని విప్పిన ఉపాయం నాకెంతో ఇష్టం. బరువును తూచడం మానేసి, చిన్నతనంలో లావయ్యే తత్వాన్నిచ్చే జన్యుగుర్తులను లెక్కపెట్టారు. అవి కడుపులో పడ్డనాడే నిర్ణయమైపోతాయి, జబ్బు వచ్చాక మారవు. 2017లో ప్రచురించిన ఈ అధ్యయనం 5,913 మంది టైప్ 1 రోగులను, 8,828 మంది ఇతరులను పోల్చింది. జన్యుపరంగా ఒక మెట్టు ఎక్కువ బరువు వైపు మొగ్గితే టైప్ 1 అవకాశం సుమారు 32 శాతం పెరిగింది. విల్కిన్ చెప్పిందంతా రుజువైందని దీనర్థం కాదు. బరువుకు ఈ జబ్బులోనూ కొంత వాటా ఉందన్నది మాత్రం బలపడింది.

అంతకు ఏడాది ముందే ఎక్సెటర్‌లో రిచర్డ్ ఓరమ్ బృందం 30 జన్యుగుర్తులను కలిపి ఒక స్కోరు కట్టింది. యువరోగికి ఉన్నది టైప్ 1 అవునో కాదో తేల్చడంలో అది బాగా తోడ్పడింది. 2020లో పుణె కేఈఎం హాస్పిటల్, హైదరాబాదులోని సీసీఎంబీ, ఎక్సెటర్ పరిశోధకులు కలిసి ఇలాంటి స్కోరును భారతీయ రోగుల్లో పరీక్షించారు. ఇక్కడా పనిచేసింది. ఏ గుర్తు ఎంత తూగుతుందన్న లెక్క మాత్రం ఐరోపాలో ఉన్నట్టు లేదు.

ఆ పరిశోధకుల్లో ఒకరు పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్. ఒంటిని చూపుతో అంచనా వేయలేమని చూపుతూ 2004లో ఆయనా, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ ఇద్దరికీ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం.